పక్కింటాయన ఇస్తానన్న పాత బీఎస్ఏ ఎయిర్ రైఫిల్: తీసుకోవాల్నా, మెరుగు పెట్టియ్యాల్నా?

కవెంట్రీల కరీంనగర్

అందరికి నమస్తె. నేను ఇంగ్లాండుల, కవెంట్రీల ఉంట. ఐటీ ఉద్యోగం. తుపాకుల సంగతి నాకు ఓనమాలు కూడ తెల్వయి, అయినా అడుగుతున్న, ఏమనుకోకుండ్రి.

మా పక్కింట్ల ఒక పెద్దమనిషి ఉన్నడు. ఎనభై దాటినయి. ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి పోతున్నడు. గ్యారేజీ ఖాళీ చేస్తుంటె నేను సాయం పట్టిన. అండ్ల పాత దుప్పట్ల సుట్టిపెట్టిన పొడుగాటి ఎయిర్ రైఫిల్ ఒకటి ఎల్లింది. వాళ్ల నాయినదట. "నీకు కావాలంటె ఉంచుకో, లేకుంటె వేలంపాటల వేస్త" అన్నడు. దాని మీద బీఎస్ఏ అని కనవడంగనె నా పాణం గుంజింది, ఎందుకంటె మా బాపు తొక్కింది బీఎస్ఏ సైకిలే. ఇది గా కంపెనీదేనా?

చూసిందంత చెప్త. నడుమ విరిచేటిది కాదు. బ్యారెల్ కింద పొడుగు లివర్ ఉన్నది, గుంజితె కిందికొస్తది. బ్యారెల్ ఎనక ఒక చిన్న పిడి ఉన్నది, తిప్పితె రంధ్రం పైకి కనవడ్తది. దాని పక్కన 2 అంకె. ట్రిగ్గర్ దగ్గర ఎస్ అక్షరం, ఆ తర్వాత అంకెలు. పైన మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనిచ్చి నిలవెట్టిన బొమ్మ. ఇనుము మీద నల్లరంగు మస్తు చోట్ల పోయి గోధుమరంగు తేలింది, అక్కడక్కడ తుప్పు చుక్కలున్నయి. కట్టె మీద గీతలు.

మా ఆఫీసుల ఒకాయన "బఫింగ్ చేయించి మళ్ల నల్లరంగు పట్టిస్తె కొత్తదానిలెక్క అయితది, ధర రెండింతలు పలుకుతది" అంటున్నడు. నిజమేనా? దీనికి లైసెన్స్ కావాల్నా? ఇంట్ల ఎనిమిదేండ్ల కొడుకున్నడు. ఇంకొకటి, రేపు ఊరికి పోయేటప్పుడు మా బాపుకు చూపెట్టనీకె పట్కపోవచ్చునా?

ఎడిసన్ ఎన్నారై

నాకు పాత తుపాకుల గురించి తెలీదు కానీ చట్టం సంగతి మాత్రం మీ దేశంలో ఎలా ఉందో కనుక్కునే ముట్టుకోండి. మా న్యూజెర్సీలో ఎయిర్ గన్నుని కూడా ఫైర్ ఆర్మ్ కిందే లెక్కేస్తారు, కొనాలంటే ముందు ఐడీ కార్డు తెచ్చుకోవాలి. పక్కనున్న పెన్సిల్వేనియాలో ఆ బెడద లేదు. నది దాటితే రూలు మారిపోతుంది.

ఆటోనగర్ లేతు

తమ్ముడూ, ముందు ఆ బఫింగ్ ఆలోచన మానుకో. మిగతావి తర్వాత.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లేతు మీద పని నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు వాల్సాల్‌లో ఒక మెషిన్ షాపులో చేస్తున్నా. ఈ పాత బర్మింగ్‌హామ్ ఎయిర్ రైఫిళ్ల పిచ్చి ఇక్కడికొచ్చాకే పట్టింది. వాటిని కాల్చడం కంటే అవి ఎట్టా చేశారా అని విప్పి చూడటమే నాకు ఇష్టం. అందుకని కొంచెం ఎక్కువ రాస్తా, ఓర్చుకో.

నువ్వు చెప్పిన గుర్తులు కలిపి చూస్తే అది రెండు ప్రపంచ యుద్ధాల మధ్య, అంటే 1919 తర్వాత 1939 లోపు, బర్మింగ్‌హామ్ స్మాల్ హీత్ ఫ్యాక్టరీలో చేసిన బీఎస్ఏ స్టాండర్డ్. ఆ కాలపు నంబర్లకి ముందు అక్షరం వేసేవాళ్లు. ఎస్ అంటే స్టాండర్డ్, ఎల్ అంటే లైట్, సీఎస్ అంటే క్లబ్. కుళాయి, అంటే నువ్వు చెప్పిన ఆ తిరిగే పిడి, పక్కనున్న 2 బోరు నంబరు, అంటే బ్యారెల్ రంధ్రం కొలత. అంగుళాల్లో ఒకటైతే .177, రెండైతే .22, మూడైతే .25. మూడో నంబరుది కనపడటమే అరుదు. మడమ (భుజానికి ఆనించే చివర) నుంచి మూతి (గుండు బయటికొచ్చే చివర) దాకా టేపు పెట్టి కొలిచి చెప్పు. నలభై అయిదున్నర అంగుళాలు ఉంటే దాన్ని ఇక్కడి సేకరణదారులు లాంగ్ టామ్ అని ముద్దుగా పిలుచుకుంటారు.

మీ నాన్నగారి సైకిల్ సంగతి: అవును, పేరు అక్కడిదే. బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకులు చేసేవాళ్లంతా కలిసి పెట్టుకున్న కంపెనీ. నువ్వు చూసిన మూడు తుపాకుల బొమ్మ వాళ్ల ముద్ర. తర్వాత సైకిళ్లు, మోటారు సైకిళ్లు కూడా చేశారు. సైకిల్ వ్యాపారాన్ని 1957లో ర్యాలీ వాళ్లకి అమ్మేశారు. మన దగ్గర ఆ పేరుతో సైకిళ్లు చేసింది మద్రాసు టీఐ సైకిల్స్.

ఇక రైఫిల్. ఇది బీఎస్ఏ వాళ్ల సొంత బుర్రలో పుట్టింది కాదు. లింకన్ జెఫ్రీస్ అని బర్మింగ్‌హామ్ స్టీల్‌హౌస్ లేన్‌లో తుపాకుల దుకాణం నడిపిన మనిషి 1904లో పేటెంట్ తీసుకున్నాడు. 1905 నుంచి బీఎస్ఏ తయారీ మొదలుపెట్టింది. కొన్నిటి మీద జెఫ్రీస్ పేరే ఉంటుంది, లోపలి సరుకు మాత్రం బీఎస్ఏదే. అంతకుముందు ఈ దేశంలో దొరికే ఎయిర్ గన్నులు ఎక్కువగా జర్మనీ, బెల్జియంల నుంచి వచ్చినవి. బ్యారెల్‌ని మధ్యలో విరిచి గుండు పెట్టాలి. ఆ కీలు కాస్త అరిగిందంటే బ్యారెల్ చూపు ఒకవైపు, సైటు (గురి చూసే గుర్తు) చూపు ఇంకోవైపు. జెఫ్రీస్ ఏం చేశాడంటే, బ్యారెల్‌ని కదలకుండా బిగించేశాడు. స్ప్రింగు నొక్కడానికి కింద లివరు పెట్టాడు. గుండు వేయడానికి తిరిగే కుళాయి పెట్టాడు. కదిలే కీలు లేదు కాబట్టి ఏళ్లు గడిచినా గురి చెదరదు. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సిపాయిల గురి ఎంత అధ్వానమో బయటపడి, ఊరూరా షూటింగ్ క్లబ్బులు లేస్తున్న రోజులవి. సరిగ్గా ఆ సమయానికి వచ్చింది, జనం ఎగబడ్డారు.

ఆ కుళాయి దగ్గర కాసేపు ఆగుతా, ఎందుకంటే ఈ రైఫిల్ బాగుందా పోయిందా చెప్పేది అదే. అది ఒక చివర నుంచి ఇంకో చివరకి సన్నబడే ఉక్కు ముక్క. దాన్ని ఏ బాడీలో కూర్చోబెట్టాలో ఆ బాడీలోనే వేసి, పేస్టు పూసి, చేత్తో తిప్పి తిప్పి ల్యాపింగ్ చేశారు, అంటే అరగదీసి పట్టు కుదిర్చారు. అందుకే ఒక రైఫిల్ కుళాయి తీసి ఇంకోదానికి వేస్తే సరిగ్గా కూర్చోదు, గాలి కారిపోతుంది. ఇప్పటి మెషిన్ మీద నేను ఆ టేపరు తీయగలను, కానీ ఆఖరి పట్టు చేత్తో రావాల్సిందే. కుళాయి పిడి వంగి ఉన్నా, పట్టకారుతో పట్టుకున్న గాట్లు కనపడినా ఎవడో లోపల చేయి పెట్టాడని అర్థం. పరీక్ష తేలిక. గుండు వేసి, కుళాయి మూసి, దాని మీద సన్నటి టిష్యూ కాగితం ముక్క పరిచి కాల్చు. కాగితం ఎగిరి పడితే జబ్బు ఉన్నట్టు. కొంచెం వణికి ఊరుకుంటే ఇంత వయసు వస్తువుకి అది మామూలే.

కానీ ఆ పరీక్ష ఇవాళే చేయకు. లోపల స్ప్రింగు ముందుకి తోసే పిస్టన్ ఉంటుంది, దాని మూతికి తోలు వాషరు ఉంటుంది, సైకిల్ పంపులో ఉండే రకమే. గ్యారేజీలో ఏళ్ల తరబడి పడి ఉంటే ఎండి అట్ట కట్టుకుపోయి ఉంటుంది. కుళాయి తెరిచి, గాలి రంధ్రం వైపుకి కొన్ని చుక్కలు నీట్స్‌ఫుట్ ఆయిల్ వేసి, ఒకట్రెండు రోజులు నిలబెట్టి వదిలెయ్. తోలు నూనె తాగి మెత్తబడి ఉబ్బుతుంది. ఆ నూనె పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసేది. మా ఆవిడ శాకాహారి, ఆ సీసా వంటింటి అల్మారాలో కనపడ్డ రోజు నుంచి నా సామానంతా షెడ్డుకి చేరింది. పల్చటి మెషిన్ ఆయిల్ మాత్రం సిలిండర్‌లోకి పోయొద్దు. పిస్టన్ దూకినప్పుడు గాలి వేడెక్కి ఆ నూనె అంటుకుంటుంది, పొగ, పేలుడు శబ్దం వస్తాయి, స్ప్రింగుకి చేటు.

గుండు లేకుండా ఎప్పుడూ కాల్చకు. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకి దూకుతుంది. ముందు గుండు అడ్డం ఉంటే గాలి గట్టిపడి పిస్టన్ని ఆపుతుంది. గుండు లేకపోతే పిస్టన్ నేరుగా సిలిండర్ చివర గుద్దుకుంటుంది. మీ కొడుక్కి చూపిస్తూ ఉత్తి ట్రిగ్గర్ నొక్కడం సరదాగా ఉంటుంది, వద్దు.

స్క్రూలు. వాటి తలకాయల మీద గాటు చాలా సన్నం. మన ఇంట్లో ఉండే స్క్రూడ్రైవర్ మొన అందులో దిగదు. బలంగా తిప్పితే జారి అంచులు చెదిరిపోతాయి. సంతలో ఎవరైనా పాత బీఎస్ఏ చేతికి తీసుకుంటే మొదట చూసేది ఆ స్క్రూల మొహాలే. చెదరని స్క్రూ అంటే లోపల తెలియనివాడి చేయి పడలేదని నమ్మకం.

ఇప్పుడు మీ ఆఫీసాయన సలహా. బఫింగ్ చక్రం మీద పెడితే ఏమవుతుందో నేను చెప్పగలను, ఆ చక్రం ముందు రోజులు గడిపినవాణ్ణి. మొదట అక్షరాల అంచులు పోతాయి. తర్వాత ఆ మూడు తుపాకుల బొమ్మ మసకబడుతుంది. చదునుగా ఉండాల్సిన చోట గుండ్రబడుతుంది, స్క్రూ రంధ్రాల చుట్టూ పళ్లెంలా గుంట పడుతుంది. ఆ పైన ఎంత మంచి నలుపు పట్టించినా కింద పోయిన లోహం తిరిగి రాదు. ఇట్టాంటి రైఫిల్ బల్ల మీద పెట్టి అమ్మేవాడు "ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే ఉంది, ఒక్కసారి కూడా కాల్చలేదు" అని తుపాకి రాముడి కోతలు కోస్తాడు. నమ్మొద్దు. లివరు కీలు, ట్రిగ్గర్, సిలిండర్ అన్నీ ఒకే నలుపులో ఉంటే అనుమానించు. చేయి పడే చోట రంగు పోవాలి, చేయి పడని మూలల్లో మిగలాలి. నీ దాంట్లో గోధుమరంగు తేలిందన్నావే, అది ఉండాల్సిన చోటే ఉందనిపిస్తోంది.

తుప్పు చుక్కలకి మందు: పల్చటి నూనె, నాలుగు సున్నాల సన్న స్టీల్ ఊలు, ఓపిక. నూనె పూసి రాత్రంతా వదిలి, పొద్దున మెల్లగా రుద్దు. ఎర్రటి పొడి వస్తుంది, బట్టతో తుడిచెయ్. లేచిన తుప్పు పోయి మరక మిగిలితే మిగలనీ. ఆఖర్న మైనం పూత. బ్రిటిష్ మ్యూజియం వాళ్లు తమ వస్తువుల కోసం తయారుచేసుకున్న రినైసాన్స్ వ్యాక్స్ ఇక్కడ డబ్బాల్లో దొరుకుతుంది, చిటికెడు చాలు. కట్టె వాల్‌నట్ అయి ఉంటుంది. దానికి ఎమరీ కాగితం తగలనివ్వకు. కట్టెని రుద్దితే అది లోహం కంటే కిందికి దిగిపోతుంది, రెంటికీ మధ్య మెట్టు తేలుతుంది, అది ఎవరికైనా కనపడుతుంది. గుడ్డ మీద రెండు చుక్కలు అవిసె నూనె వేసి తుడువు. గీతలు ఉండనీ.

ధర ఎక్కువ ఊహించుకోవద్దు. నేను చూసినంతలో ఈ రకం బీఎస్ఏలు, చెడగొట్టనివి, నూటయాభై నుంచి మూడొందల పౌండ్ల మధ్య చేతులు మారుతుంటాయి. రుద్ది నల్లరంగు పట్టించినవి అంతకంటే తక్కువకే. రెండింతలు అన్నాయన ఏ లెక్కన అన్నాడో ఆయన్నే అడుగు.

చట్టం. ఇంగ్లాండ్, వేల్స్‌లో 12 ఫుట్ పౌండ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి సర్టిఫికెట్ అక్కర్లేదు. నీది ఆ గీతకి చాలా కింద ఉంటుంది, ఎవడైనా కొత్త గట్టి స్ప్రింగు దూర్చి ఉంటే తప్ప. పద్దెనిమిది నిండినవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకోవచ్చు. దుకాణంవాడు అమ్మితే ఎదురుగా నిలబడి చేతికివ్వాలి, పోస్టులో పంపకూడదు. బయటికి తీసుకెళ్లాలంటే సరైన కారణం ఉండాలి. గుండు లేకుండా, కవర్‌లో పెట్టుకుని తీసుకుపో. పెరట్లో కాల్చుకోవచ్చు, కానీ గుండు నీ హద్దు దాటిందా, నేరం. పిల్లాడి సంగతి అన్నిటికంటే ముఖ్యం. పద్దెనిమిది లోపువాళ్ల చేతికి అందకుండా జాగ్రత్త తీసుకోకపోవడం 2011 నుంచి ఇక్కడ నేరం. తాళం వేసే అల్మారా కొను, రైఫిల్‌తో పాటు అది కూడా ఇంటికి రావాలి. స్కాట్లాండ్‌కి ఇల్లు మారితే అక్కడ 2016 ఆఖరి రోజు నుంచి లైసెన్సు తప్పనిసరి. ఉత్తర ఐర్లండ్ రూలు ఇంకా గట్టిది.

ఊరికి తీసుకుపోవడం గురించి: మన దేశంలో 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం బోరు .177 దాటినా, శక్తి 20 జౌళ్లు దాటినా లైసెన్సు కావాలి. నీది .22, అంటే బోరు దగ్గరే దాటింది. దిగుమతి అనుమతి మళ్లీ వేరే కథ. సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగే పని కాదు తమ్ముడూ. మీ నాన్నగారికి వీడియో కాల్‌లో చూపించు.

పిచ్చుక

ఇంత పొడుగు రాశారు బాగానే ఉంది. కానీ ఎయిర్ గన్ అంటే నాకు గుర్తొచ్చేది మా ఊరి చెరువు గట్టు మీద కొంగల్ని, పావురాల్ని కొట్టిన వేసవి సెలవుల మూకలే. ఆ గన్నుల్ని ఇంత ముచ్చటగా దాచుకోవడం దేనికో అర్థం కాలేదు.

ఆటోనగర్ లేతు

పిచ్చుక గారూ, మీ కోపం సబబే. మన దగ్గర ఎయిర్ గన్ చరిత్రలో ఎక్కువ భాగం అదే. ఇక్కడా అడవి పక్షులకి 1981 చట్టం రక్షణ ఉంది, సరదాకి కొడితే కోర్టుకి పోవాలి.

అయితే ఈ రకం రైఫిళ్లు ఎక్కువగా కాల్చింది వేరే దాని మీద. ఈ మిడ్‌ల్యాండ్స్ (ఇంగ్లాండ్ మధ్య ప్రాంతం) పబ్బుల్లో బెల్ టార్గెట్ అని ఒక ఆట ఉంది. గోడకి ఇనుప పలక, మధ్యలో సెంటీమీటరు కూడా లేని రంధ్రం, దాని వెనక గంట. ఆరేడు గజాల నుంచి నిలబడి కాల్చాలి. గుండు రంధ్రంలోంచి దూరితే గంట మోగుతుంది. తప్పిన గుండు మచ్చ కనపడటానికి పలకకి రంగు పూసి ఉంచుతారు. ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చిన కార్మికులు పబ్బుకి పబ్బు జట్లు కట్టి లీగులు ఆడేవాళ్లు. వాళ్ల కోసమే బీఎస్ఏ .177లో క్లబ్ రకం చేసింది. ఇప్పుడు ఆడే పబ్బులు బాగా తగ్గిపోయాయి, అయినా పూర్తిగా పోలేదు. నేనూ ఒక జట్టులో ఉన్నా. మా జట్టులో అందరికంటే పెద్దాయనకి చూపు మందగించింది, గంట మాత్రం నాకంటే ఎక్కువసార్లు మోగిస్తాడు.

రాజమండ్రి రేవు

ఆటోనగర్ గారండీ, నమస్కారం. మా తాతగారి పెంకుటింట్లో ఓ బీఎస్ఏ ఉందండి. మా పెద్దనాన్న దాన్ని ఎయిర్‌స్పోర్టర్ అంటాడు. తాతగారు మద్రాసులో కొన్నారట, యాభైల్లో. దీనికి మీరు చెప్పినట్టు కింద లివరు బయటికి కనపడదండి, కట్టె లోపలే దాక్కుని ఉంటది. అది కూడా పాతకాలపుదేనా? ఇంకోటండి, మా ఇంట్లో ఎవరికీ దీనికి లైసెన్సు అన్న మాటే తెలీదు.

ఆటోనగర్ లేతు

రేవు గారూ, మీ పెద్దనాన్న సరిగ్గానే చెప్పారు. ఎయిర్‌స్పోర్టర్ 1948లో వచ్చింది. అంతకుముందు రకానికి లివరు బయట వేలాడుతున్నట్టు కనపడేది, దీంట్లో దాన్ని కట్టె లోపలికి దాచేశారు. పాత మార్కులో, అంటే మొదట్లో చేసిన రకంలో, ఇంకో విశేషం ఉంటుంది. లివరు గుంజినప్పుడు కుళాయి దానంతటదే తెరుచుకుంటుంది. చేయించి చూడండి, కానీ గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కకండి.

నన్నడిగితే యుద్ధం తర్వాత బీఎస్ఏ చేసిన వాటిలో మనసు పెట్టి చేసింది అదొక్కటే. ఆ తర్వాత 1959లో వచ్చిన మీటియోర్ చవకది, లక్షల ఇళ్లకి చేరింది, కుర్రాళ్లకి మొదటి తుపాకి అదే. మంచిదే, కానీ రేకు మడిచి చేసిన పని నా కంటికి ఆనదు. ఈ మాటకి ఇక్కడ చాలామంది నా మీద పడతారు, పడనీ.

లైసెన్సు విషయం నిర్లక్ష్యం చేయొద్దు. బోరు ముందు తేల్చుకోండి. .177 అయి, శక్తి 20 జౌళ్ల లోపైతే బెంగ లేదు. .22 అయితే ఇంట్లో ఊరికే పెట్టుకుని కూర్చోవడం ప్రమాదం. స్థానిక లాయర్ని కలిసి, ఆయన ద్వారా పోలీసు స్టేషన్‌లో మాట్లాడించండి. ఆన్‌లైన్‌లో అమ్మకానికి ఫొటో పెట్టడం లాంటి పని అస్సలు చేయకండి.

కవెంట్రీల కరీంనగర్

అన్నా, చదివి చదివి రెండుసార్లు చదివిన. బఫింగ్ క్యాన్సిల్. టేపు పెట్టి కొలిసిన, సరిగ్గ నలభై ఐదున్నర. లాంగ్ టామే! స్క్రూలు కూడ చూసిన, ఒకటి తప్ప అన్ని మంచిగున్నయి. అల్మారా ఆర్డర్ ఇచ్చిన, అది వచ్చినంకనే రైఫిల్ తెచ్చుకుంట అని పెద్దమనిషికి చెప్పిన. ఆయన నవ్విండు.

ఇంకో ముచ్చట చెప్పిండు. వాళ్ల నాయిన స్మాల్ హీత్ ఫ్యాక్టరీలనె పనిచేసిండట. బాంబులు పడ్డ రాత్రి సెలవుల ఉండె అన్నడు. అది ఎప్పటి సంగతి? మా కవెంట్రీల అయితె 1940 నవంబర్ 14 రాత్రి అని ఇక్కడ పిల్లలకు కూడ తెలుసు.

ఇక ఇది మొదలుపెట్టినంక ఇంకోటి కొనాలనిపిస్తున్నది. వెబ్లీ అని ఒకటి చూసిన, మూడు బ్యారెళ్లతోని పెట్టెల ఉన్నది. ధర చూస్తె కండ్లు తిరిగినయి.

ఆటోనగర్ లేతు

మీ కవెంట్రీ తర్వాత అయిదు రోజులకి, నవంబర్ 19 రాత్రి, స్మాల్ హీత్ మీద పడ్డాయి. బీఎస్ఏ భవనం కూలి 53 మంది కార్మికులు చనిపోయారు. తమ్ముడూ, ఒక పని చెయ్. ఆ పెద్దాయన ఉన్నప్పుడే ఈ మాటలన్నీ ఒక కాగితం మీద ఆయన చేత్తోనే రాయించుకో. నాన్న పేరు, ఏ విభాగంలో పనిచేశాడు, రైఫిల్ ఎప్పుడు తెచ్చాడు, నంబరు ఎంత. సంతకం, తేదీ. వీలైతే నాన్న ఫొటో కాపీ ఒకటి. నల్లరంగు పట్టిస్తే వచ్చే విలువ కంటే ఆ కాగితంతో వచ్చే విలువ ఎక్కువ. ఆయన కొడుకు దగ్గరికి వెళ్లిపోయాక ఈ పని అవ్వదు.

నువ్వు చూసింది వెబ్లీ సర్వీస్ మార్క్ 2 అయి ఉంటుంది. 1932లో వచ్చింది. బ్యారెల్ ఊడదీసి ఇంకోటి పెట్టుకోవచ్చు, .177, .22, .25 మూడూ. పెట్టెతో సహా మూడు బ్యారెళ్లూ ఉన్న సెట్టు కోసం జనం కొట్టుకుంటారు, అందుకే ఆ ధర. పనితనం గొప్పదే. కానీ మూడో బ్యారెల్ ఎక్కడినుంచో తెచ్చి, కొత్త పెట్టె చేయించి, అసలు సెట్టని అమ్మేవాళ్లు ఉన్నారు. ఇప్పుడే దాని జోలికి పోకు. పేరు చూసి కొనడం ఈ వ్యసనంలో చేతి చమురు వదిలించే అలవాటు. ఒక మామూలు రకం, చెడగొట్టనిది, నీ చేతిలో ఉంది. దాన్ని ఏడాది పాటు కాల్చు, తుడువు. అసలు స్క్రూ ఎట్టా ఉంటుందో, అసలు నలుపు ఎట్టా అరుగుతుందో కంటికి అలవాటైతే అప్పుడు ఎదుటివాడి కోతలు నీకే తెలుస్తాయి.

ఇంకోటి కావాల్సిందే అంటే వెబ్లీ మార్క్ 3 చూడు. 1947 నుంచి 1975 దాకా చేశారు, కింద లివరు, కుళాయి, ఇదే పద్ధతి. గట్టి పిండం. డయానా పేరున్నవి కూడా సంతలో కనపడతాయి. డయానా అసలు జర్మనీ పేరు. యుద్ధం అయ్యాక నష్టపరిహారం కింద ఆ యంత్రాలు, పేరు కలిపి స్కాట్లాండ్‌లో మదర్‌వెల్ దగ్గరి మిల్బ్రో వాళ్లకి వచ్చాయి. పాపం జర్మనీవాళ్లు సొంత సరుకుని ఇక్కడ ఒరిజినల్ అన్న పేరుతో అమ్ముకోవాల్సి వచ్చింది. మిల్బ్రోవి చవక, ఆడుకోవడానికి బాగుంటాయి, దాచుకోవడానికి నేను కొనను.

కవెంట్రీల కరీంనగర్

అన్నా, కాగితం రాయించిన. ఆయన రెండు పేజీలు రాసిచ్చిండు, ఫొటో కూడ ఇచ్చిండు. రైఫిల్ ఇంట్ల అల్మారాల తాళమేసి ఉన్నది. నూనె వేసి రెండు రోజులు నిలవెట్టిన. ఇయ్యాల పెరట్ల, ఎనక మందంగ ఇసుక సంచులు పెట్టి, మొదలువెట్టిన. టిష్యూ కొంచెం వణికింది, ఎగరలే.

ఒక్కటే తిప్పలు. దుకాణంల .22 గుండ్లు అడిగితె డబ్బా మీద 5.5 అని ఉన్నయి ఇచ్చిండు. కుళాయిల ఎయ్యంగనె వదులుగ జారుతున్నయి. ఒక్కోటి మంచిగ పోతున్నది, ఒక్కోటి ఫుస్సుమంటున్నది.

ఆటోనగర్ లేతు

అది రైఫిల్ తప్పు కాదు. ఆ కాలపు బర్మింగ్‌హామ్ .22 ఇప్పటి 5.5 మిల్లీమీటర్ల కంటే ఒక వెంట్రుక పెద్దది. పాత ఈలీ వాస్ప్ గుండ్లు 5.6 ఉండేవి, అవి దీనికి అతికినట్టు సరిపోయేవి. అందుకే పాత డబ్బా ఎక్కడన్నా కనపడితే వదలరు. డబ్బా మీద 5.6 అని అచ్చు ఉంటేనే తీసుకో. ఇప్పుడొచ్చే వాస్ప్ 5.5, పేరు చూసి మోసపోకు.

అది దొరికేదాకా ఉన్నవాటితోనే నెట్టుకురావచ్చు. లివరు పూర్తిగా మూశాకే కుళాయి తెరువు. గుండు తల ముందుకి ఉండేట్టు వేసి, మూతి కాస్త కిందికి వంచి, అప్పుడు కుళాయి మూయి. అట్టా చేస్తే గుండు బ్యారెల్ గాడిలోకి జారి ఆనుకుంటుంది. మూతి పైకెత్తి మూస్తే గాలి రంధ్రం వైపుకి వెనక్కి జారుతుంది, నీకొస్తున్న ఫుస్సు అదే. అప్పటికీ వదులనిపిస్తే బాల్‌పెన్ను వెనక గుండ్రటి భాగంతో గుండు పావడాని (వెనక బోలుగా ఉండే అంచుని) లోపల్నుంచి మెల్లగా ఒకసారి నొక్కు, కొంచెం వెడల్పవుతుంది. గట్టిగా నొక్కితే వంకర పోతుంది, అది ఎటు పోతుందో చెప్పలేం.

ఆ చెదిరిన స్క్రూ ఒకటుంది అన్నావు కదా, ఫొటో పెట్టు. ఏ స్క్రూనో తెలిస్తే థ్రెడ్డు చూసి చెప్తా.